ఎనిమిది గంటల రైల్లో ప్రతిజ్ఞ పిన్ని

మొన్నామధ్య బాపట్లలో మా ఆఫీసు వరండాలో నవ్వినందుకు నాకొక హెచ్చరిక అందింది. నవ్వకూడని చోట నవ్వాను, ఒప్పుకుంటాను. పదకొండు గంటలకి అందరూ వరండాలోకి రావాలని కబురొచ్చింది. ఏదో దినోత్సవం. ఏ దినోత్సవమో మాలో సగం మందికి తెలియదు, ఏడాదిలో అలాంటివి చాలా వస్తుంటాయి. ఓటు గురించి ఒకసారి, ఐక్యత గురించి ఒకసారి, శుభ్రత గురించి ఒకసారి చెయ్యి చాచి నిలబడతాం. పైనుంచి వచ్చిన కాగితం మా అధికారి చదువుతారు, మేము వెనకే గొణుగుతాం, ఒకరు ఫొటో తీసి గ్రూపులో పెడతారు, అందరం వెళ్ళి టీ తాగుతాం. ఆ రోజు నా పక్కన నిలబడ్డ సీనియర్ అసిస్టెంటు గారు చాచిన చేతిలోనే సెల్‌ఫోను పట్టుకుని, నోటితో దేశానికి మాట ఇస్తూ, బొటనవేలితో ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు పంపిస్తున్నారు. కేకు బొమ్మ కూడా పెట్టారు. అది చూసేసరికి నాకు ఎనిమిది గంటల రైలు గుర్తొచ్చింది. ఆ రైల్లో ప్రతిజ్ఞ పిన్ని గుర్తొచ్చింది. ఆమె గనక ఇక్కడ ఉండి ఉంటే ఈయన గతి ఏమయ్యేదో కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఇక నా వల్ల కాలేదు. నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

టీ దగ్గర మా అధికారి నన్ను పక్కకి పిలిచి, "ఏంటమ్మా, దేశమంటే నవ్వులాటగా ఉందా?" అన్నారు. లేదండి అన్నాను. మరెందుకు నవ్వావంటే చెప్పలేకపోయాను. టీ తాగే ఐదు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొత్త జిల్లా వచ్చి నన్ను బాపట్లకి వేయకముందు, నాది తెనాలిలో ఉద్యోగం, రేపల్లెలో ఇల్లు. పొద్దున ఎనిమిదింటి పాసింజరు ఎక్కేదాన్ని. ఇంజను నుంచి మూడో పెట్టె మాది. మాది అంటే రాసిచ్చారని కాదు, రోజూ ఎక్కే పాతిక మందిమి అదే పెట్టెలో, అవే సీట్లలో కూర్చుని, అది మా సొంతమే అనుకునేవాళ్ళం. ఆ పెట్టెలో కిటికీ పక్కన, తలుపుకి దగ్గరగా, కాళ్ళ మధ్య చేపల గంప పెట్టుకుని కూర్చునేది ప్రతిజ్ఞ పిన్ని.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. కానీ రైల్లో ఎవరూ ఆమెని ఆ పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయను. పొట్టి మనిషి, యాభై దాటి ఉంటాయి. మోకాళ్ళ దాకా ఎగదోపిన నేత చీర, చెవులకి బరువైన దిద్దులు, నెత్తి మీద చుట్టకుదురు. తెల్లవారేసరికి నిజాంపట్నం రేవులో చేపలు కొనుక్కుని, ఆటోలో రేపల్లె వచ్చి, మా రైలెక్కి తెనాలి మార్కెట్లో అమ్ముకునేది. నవ్వితే ముందు భుజాలు కదిలేవి, తర్వాత దిద్దులు, ఆ తర్వాతే శబ్దం బయటికి వచ్చేది.

రేపల్లె, తెనాలి మధ్య ఒక చిన్న స్టేషన్లో మా రైలు ఎదురుబండి కోసం ఆగేది. ఒకటే లైను కదా, అది వచ్చేదాకా కదలడానికి లేదు. ఆ స్టేషన్ కంచె అవతలే ఒక బడి. మేము ఆగే సమయానికి అక్కడ పిల్లలు వరసల్లో నిలబడి మైకులో ప్రతిజ్ఞ చెప్పేవాళ్ళు. మైకు గరగరమనగానే పిన్ని లేచేది. సీసాలో నీళ్ళతో కుడి చెయ్యి కడుక్కునేది, కొంగుతో తుడుచుకునేది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది, చాలకపోతే మళ్ళీ కడిగేది. "నీచు చెయ్యి దేశానికి ఎలా చాపుతాను?" అనేది. అప్పుడు గంపకి అడ్డంగా నిలబడి, చెయ్యి తిన్నగా చాచి, బడిపిల్లలతో సమానంగా, గట్టిగా, ప్రతిజ్ఞ మొత్తం చెప్పేది.

మొదట్లో ఆమె ఒక్కతే చెప్పేదట. నేను ఆ రైల్లో చేరేనాటికి పెట్టె అంతా చెప్పేది. సరదాకి ఒకరిద్దరు మొదలుపెట్టారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు. పేకాట బృందం కూడా ముక్కలు ఎడమ చేతిలో బోర్లించి పట్టుకుని కుడి చెయ్యి చాచేది. రైలు కదలకుండా ఉన్నప్పుడు చేయడానికి ఇంకేం పని ఉంది గనక? కొత్తగా ఎక్కినవాళ్ళు మమ్మల్ని చూసి ఏదో మతం వాళ్ళమని అనుకుని జరిగి కూర్చునేవాళ్ళు.

తమాషా అంతా ప్రతిజ్ఞ అయ్యాక మొదలయ్యేది. పిన్ని దృష్టిలో మనం చెప్పింది మనం ఇచ్చిన మాట. చెప్పి కూర్చున్న క్షణం నుంచి అది అమల్లోకి వచ్చినట్టే. మాలో ఒకాయన ఉండేవాడు, తెనాలిలో బట్టల కొట్లో గుమాస్తా. సీటు మీద తువాలు పరిచి నలుగురి చోటు ఆపేవాడు కాబట్టి మేము తువాలు బాబాయి అనేవాళ్ళం. చెయ్యి దించీ దించకముందే పిన్ని ఆయన మీద పడేది.

"బాబాయ్, అందరూ నీ తోబుట్టువులేనా?"

"అవును పిన్నీ, ఎందుకు?"

"ఇప్పుడేగా అన్నావు! మరి ఆ చంటిపిల్ల తల్లి నిలబడి ఉంటే తోబుట్టువుకి చోటు లేదని తువాలు కప్పావేంటి? తియ్యి తియ్యి."

తువాలు లేచిపోయేది. ఇప్పుడేగా అన్నావు అనేది ఆమె ఆయుధం. ఫోన్లో భార్య మీద అరుస్తున్న ఒక పెద్దమనిషి చేతిలోంచి మెల్లగా ఫోను తీసుకుని, "అందరితో మర్యాదగా ఉంటానని ఇప్పుడేగా అన్నారండి. ఆవిడ అందరిలో లేదా?" అంది. ఆ ఫోనులోంచి అవతల ఆవిడ నవ్విన నవ్వు మా అందరికీ వినిపించింది. డిగ్రీ చదివే కుర్రాడొకడు, అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అయితే నేను పెళ్ళెవర్ని చేసుకోవాలి పిన్నీ అని అడిగాడు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు అడిగే ప్రశ్నే. పిన్ని వాణ్ణి తలనుంచి పాదం దాకా చూసి, "ముందు ఎవత్తైనా నిన్ను చూసి ఊ అననీ నాయనా, అప్పుడు నీ ఒక్కడికీ మినహాయింపు ఇప్పిస్తాను" అంది.

తువాలు బాబాయికి కసి ఉండేది. ఒకసారి ఆమెని పట్టుకున్నాననే అనుకున్నాడు.

"జంతువుల మీద దయ చూపిస్తానని నువ్వూ ఇప్పుడేగా అన్నావు పిన్నీ. మరి గంపలో ఇవేంటి?"

"నేను చంపానా బాబాయ్? నా దగ్గరికి వచ్చేసరికే అవి పోయి ఉంటాయి. ఐసు వేసి, తడిగుడ్డ కప్పి, పక్కన కూర్చుని తెనాలి దాకా మర్యాదగా సాగనంపుతున్నాను. నువ్వు పోతే నీకింత చేస్తారా?"

ఆ రోజు పేకముక్కలు ఎగిరి కిటికీలోంచి పడ్డాయి. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకుని గంప మీద తూలాను.

ఆమె ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగేది. దేశ సంపద గురించి పొడుగాటి వాక్యం ఒకటి ఉంటుంది కదా, అది రాగానే చెయ్యి చాచే ఉంచి నోరు గట్టిగా మూసుకునేది. ఆ వాక్యం అయిపోయాక మళ్ళీ కలిసేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"అర్థం కాలేదమ్మాయ్. అర్థం కాని మాట ఎలా ఇస్తాం? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు, ఏంటి దానర్థం?"

నేను గొంతు సవరించుకుని, "మన పెద్దలు మనకి ఇచ్చిన గొప్పతనం పిన్నీ" అన్నాను.

"మా పెద్దలు నాకు గంప ఇచ్చారు. అదేనా?"

"అలాంటిదే."

"అలాంటిదే అంటే నీకూ తెలీదన్నమాట" అంది జాలిగా.

నాకు రోషం వచ్చింది. బడిలో నా గొంతు పెద్దదని నాలుగేళ్ళు మైకు ముందు నాచేతే ప్రతిజ్ఞ చెప్పించారు, ఎన్ని వందల సార్లు చెప్పానో తెలుసా అన్నాను. ఆమె చాలా ఆసక్తిగా విని, "అన్నిసార్లు ఎవరికిచ్చావు మాట?" అని అడిగింది. నిజం చెప్పాలంటే, ఆ నాలుగేళ్ళలో మైకు ముందు నిలబడి నేను ఆలోచించింది మధ్యాహ్నం అన్నంలో గుడ్డు పెడతారా పెట్టరా అని ఒక్కటే. అది ఆమెతో చెప్పలేదు. ఇలాంటివన్నీ ఊరికే నోటి కసరత్తు, దేశం వేరు, నోరు వేరు అని నా అభిప్రాయం. అదీ చెప్పలేదు. ఆమె చదువు మూడో తరగతి. ఆ చదువులో ఆమెకి మిగిలినవి రెండే, ప్రతిజ్ఞ చెప్పడం, తన పేరు రాయడం. ఆమెతో వాదన ఏంటని ఊరుకున్నాను.

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

ఉద్యోగంలో చేరి రెండో నెల. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని ఈపురుపాలెం మగ్గం మీద నేసిన కొత్త చీర కట్టుకున్నాను. ఇంకా మడత కూడా వీడని చీర. రైలు ఒక్క కుదుపు కుదిపి ఆగింది, గంప ఒరిగింది, ఐసు కరిగిన చేపల నీళ్ళు నా కుచ్చిళ్ళ మీద నడుము దాకా పడ్డాయి. పిన్ని అయ్యో అయ్యో అంటూ తన కొంగుతో తుడవబోయింది. ఆ కొంగుతో వాసన రెట్టింపయింది. ఆఫీసులో పెద్ద అధికారి నా బల్ల దగ్గర ఆగారు, ముక్కు ఎగబీల్చారు, "ఇక్కడ దగ్గర్లో చేపల మార్కెట్టు ఉందా?" అని చాలా మామూలుగా అడిగారు. ఆఫీసంతా నవ్వింది. నవ్వే అలవాటు నాకొక్కదానికే ఉందా ఏంటి. సాయంత్రం ఇంటికెళ్ళి ఏడ్చాను, ఏడ్చి, తెల్లకాగితం తీశాను.

నా దస్తూరీ బాగుంటుంది. ఆఫీసు భాష అప్పుడప్పుడే వంటబట్టింది, ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను. చేపల గంపలు మోయువారు ప్రయాణికుల పెట్టెలోకి ప్రవేశించుట వలన దుర్వాసన వ్యాపించి నాగరిక ప్రయాణికులకు తీవ్ర అసౌకర్యము కలుగుచున్నదనీ, కావున సదరు వ్యక్తులను వెనుక ఉన్న సామాన్ల పెట్టెకు పరిమితము చేయవలసినదనీ రాశాను. రాసి, చదువుకుని, నా తెలుగుకి నేనే మురిసిపోయాను.

మర్నాడు ప్రతిజ్ఞ అయ్యాక కాగితం తీశాను. మొదటి సంతకం తువాలు బాబాయిది. తువాలు పగ తీర్చుకుంటూ కింద ఒక గీత కూడా గీశాడు. మిగతావాళ్ళు కొంచెం నసిగారు. కానీ ఒకరు పెట్టాక రెండోవాళ్ళు పెడతారు, రైల్లో అది మామూలే. కాగితం చేతులు మారుతూ పిన్ని నెత్తి మీదుగా వెళ్తుంటే ఆమె తలెత్తి చూసింది.

"ఏంటమ్మాయ్ అది? అందరూ పెడుతున్నారు?"

నిజం చెప్పడానికి నాకు ఒక్క క్షణం టైముంది. ఆ క్షణంలో నేనన్న మాట, "మన పెట్టె బాగు కోసం పిన్నీ."

"మరి నేనీ పెట్టెలో దాన్ని కానా? ఇటివ్వు."

ఎవరో కిసుక్కుమన్నారు. పిన్ని సీసా తీసి చెయ్యి కడుక్కుంది, తుడుచుకుంది, వాసన చూసుకుంది. పెన్ను గుప్పిట్లో పట్టుకుని, నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరం జామకాయంత రాసింది. ఇరవై మూడో సంతకం. దాని కింద నాది పెట్టడానికి చోటు కూడా సరిగా మిగల్లేదు. అవతల సీట్లలో నవ్వులు తొక్కిపట్టలేక భుజాలు ఊగుతున్నాయి. నేనూ నవ్వాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, దాటేస్తే ఈ రాతకి అర్థం లేదు. నేనూ నవ్వాను.

ఆ కాగితం తెనాలి స్టేషన్లో ఇచ్చిన రెండు వారాలకి రైల్వే అధికారి ఒకాయన దాన్ని పట్టుకుని మా పెట్టెలోకి వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు, మాట నెమ్మది. మేము ఆ కాగితం సంగతే మరిచిపోయాం. నా చీర కూడా అప్పటికి రెండు ఉతుకులు ఉతికేసింది అమ్మ.

"ఈ ఫిర్యాదు మీరంతా కలిసి ఇచ్చిందేనా?" అన్నాడాయన.

"అవునండి," అన్నాడు తువాలు బాబాయి, నేల చూస్తూ.

"ఇరవై మూడో సంతకం ఎవరిదండి ఇందులో?" పేరు చదివాడు.

పిన్ని సంతోషంగా లేచింది. "నాదే బాబూ. పెట్టె బాగు కోసం పెట్టాను. రెండు ఫ్యాన్లు తిరగట్లేదు, అది కూడా రాసుకోండి."

ఆయన ఆమెనీ, కాళ్ళ దగ్గర గంపనీ, కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మా, మీరు ఫిర్యాదు చేసింది ఎవరి మీదో తెలుసా?"

"ఎవరి మీద?"

"మీ మీదే."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి పెట్టె పగిలేలా నవ్వేవాళ్ళం. పిన్ని కూడా మా మొహాల వంక చూసింది, ఇది మా వేళాకోళాల్లో ఒకటేమో, ఎవరైనా నవ్వుతారేమో అని. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన వైపు తిరిగి, ఒకసారి మొత్తం చదవండి బాబూ అంది. ఆయన చదివాడు. నా వాక్యాలు నాకే వినబుద్ధి కాలేదు. నాగరిక ప్రయాణికులు అన్న చోట పిన్ని ఆపింది.

"అంటే ఏంటి బాబూ?"

ఆయన కాగితం మడిచాడు. తర్వాత మా వైపు తిరిగి, "ఫిర్యాదు చేసిన మనిషీ, ఎవరి మీద చేశారో ఆ మనిషీ ఒకరే కావడం నా సర్వీసులో ఇదే మొదలు" అన్నాడు. "గంపలు సామాన్ల పెట్టెలో ఉండాలి, అది నిజమే. కానీ మీరు గంపలని రాయలేదండి, మనుషులని రాశారు. అమ్మా, చదవకుండా పెట్టానని ఒక్క మాట చెప్పండి, మీ సంతకం కొట్టేస్తాను. అసలు కాగితమే పక్కన పెట్టేస్తాను. మీలో మీరు సర్దుకోండి."

హమ్మయ్య అనుకున్నాం అందరం. పిన్ని మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వద్దు బాబూ. పెట్టింది నేనే. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. అడిగి తెలుసుకోకపోవడం నా తప్పు. పెట్టాక ఇప్పుడు నాది కాదంటే, రేపు పొద్దున ఆ పిల్లలతో కలిసి ఏ మొహం పెట్టుకుని చెయ్యి చాపను?"

చుట్టకుదురు సర్దుకుంది. గంప ఎత్తమని తువాలు బాబాయినే అడిగింది. ఆయన ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టాడు. రైలు తర్వాతి స్టేషన్లో ఆగగానే దిగి, వెనక్కి నడిచి, సామాన్ల పెట్టె ఎక్కింది. మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడేగా అన్నారు అని ఒక్కసారి అనుంటే మా బతుకు తేలికయ్యేది.

తర్వాతి మూడు రోజులూ మా పెట్టెని చూడాలి. పెట్టె మొత్తం మాదే. వాసన లేదు, నీళ్ళు లేవు, తువాలు ఎంతసేపు పరిచినా తీయించేవాళ్ళు లేరు. చిన్న స్టేషన్లో మైకు గరగరమంది, పిల్లలు మొదలుపెట్టారు, మేమందరం ఒకరి మొహం ఒకరు చూడకుండా ఫోన్లలోకి దూరాం. ఒకరిద్దరు చెయ్యి చాపబోయి జేబులో ఏదో వెతుకుతున్నట్టు దించేశారు. నేను తలుపు దగ్గరికి వెళ్ళి బయటికి వంగి చూశాను. ఆఖరి పెట్టె తలుపులోంచి ఒక కుడి చెయ్యి తిన్నగా బయటికి చాచి ఉంది. మనిషి కనబడలేదు. ఆ చెయ్యి ప్రతిజ్ఞ పూర్తయ్యేదాకా అలాగే ఉండి లోపలికి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. నా జన్మలో అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు.

నాలుగో రోజు ప్రతిజ్ఞ అవ్వగానే ఉండబట్టలేక దిగి వెనక్కి పరిగెత్తాను. సామాన్ల పెట్టెలో సైకిళ్ళు, పాలక్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు. కూర్చోవడానికి ఏమీ లేదు. పిన్ని కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ కాగితం రాసింది నేను పిన్నీ."

"తెలుసమ్మాయ్. అందులో ఒక్క మాట అర్థం కాలేదు. మన పెట్టెలో అలా రాయగలిగింది నువ్వొక్కదానివే."

"తిట్టు పిన్నీ."

"మర్యాదగా ఉంటానని ఇందాకే చెప్పాను. ఇంక ఇవాళంతా తిట్టడానికి లేదు" అంది. భుజాలు కొద్దిగా కదిలాయి. నేను ఏడుపూ నవ్వూ కలిసిన వింత శబ్దం ఏదో చేశాను.

"మళ్ళీ మన పెట్టెలోకి రా."

"ఎలా వస్తాను? నేనొక్కదాన్నే ఇచ్చిన మాటా అది? ఇరవై నాలుగు మందిమి కలిసి ఇచ్చాం. నాది నేను తీసుకుంటాలే. మిగతా ఇరవై మూడు మందీ నోటితో వెనక్కి తీసుకోవాలి. గొణిగితే కుదరదు. నాకు వినబడాలి, అర్థం కావాలి."

ఆ సాయంత్రం మళ్ళీ తెల్లకాగితం తీశాను. మొదటిది అరగంటలో రాశాను, దీనికి రెండు గంటలు పట్టింది. మర్నాడు రైలు చిన్న స్టేషన్లో ఆగగానే పిన్నిని తీసుకొచ్చాను. గంప వెనకే వదిలి వచ్చింది గానీ మెట్టు మాత్రం ఎక్కనంది. కింద ప్లాట్‌ఫారం మీద చేతులు కట్టుకుని పరీక్ష తీసుకునే మేష్టారిలా నిలబడింది. మేము ఇరవై ముగ్గురం తలుపులోనూ కిటికీల్లోనూ కిక్కిరిసి చేతులు బయటికి చాచాం. నేను ఒక్కో ముక్కా చదివాను, అందరూ వెనకే చెప్పారు.

మేము పెట్టిన సంతకాలు వెనక్కి తీసుకుంటున్నాము అన్నాం. ఊ అంది పిన్ని. ఆలోచించకుండా పెట్టినందుకు సిగ్గుపడుతున్నాము అన్నాం. "గట్టిగా బాబాయ్, నీ నోరు కదుల్తోంది, మాట రావట్లేదు" అంది. బాబాయి మళ్ళీ చెప్పాడు, ఈసారి స్టేషన్ మాస్టరు గదిలోంచి తొంగి చూశాడు. గంపలు మాత్రం వెనక పెట్టెలో ఉంటే బాగుంటుందని మనవి అన్నాం. "అది న్యాయమే" అంది. కంచె అవతల బడిపిల్లలు తమ ప్రతిజ్ఞ మానేసి మా ప్రతిజ్ఞ చూడ్డానికి ఎగబడ్డారు. ఎదురుబండి వచ్చి ఆగింది, ఆ కిటికీలన్నిటిలోంచి తలకాయలు. మాకు నవ్వాగడం లేదు. చేతులు చాచి, నవ్వుతూ, ఊగుతూ, చివరి వాక్యానికి వచ్చాం. ఆమె మాతో కలిసి ప్రయాణించుటకు మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.

"ఆగమ్మాయ్. అభ్యంతరం అంటే ఏంటి?"

"అడ్డు చెప్పడం పిన్నీ."

"అంటే మొన్న పొమ్మన్నారు. ఇవాళ, పోన్లే పడి ఉండనీ అంటున్నారు. అంతేనా?"

నవ్వులు ఆగిపోయాయి. రెండు గంటలు కూర్చుని రాసిన కాగితం. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది కూడా. పెన్ను అడిగి తీసుకుని అడ్డంగా కొట్టేశాను. తలుపు చెక్కకి కాగితం ఆనించి కింద కొత్తగా రాశాను. ఆమె మా మనిషి, ఆమె మా పక్కన కూర్చోవాలి. ఆఫీసు భాషలో అలాంటి వాక్యం ఉండదు.

చదివాను. అందరూ చెప్పారు. సిగ్నలు పడింది, గార్డు విజిలు వేశాడు. పిన్ని మాత్రం కదలకుండా నా వంకే చూస్తోంది.

"ఇరవై రెండే వినపడ్డాయి. నువ్వు చదివావమ్మాయ్. చెప్పలేదు."

నిజమే. చదవడమే తప్ప చెప్పడం నాకు అలవాటు లేదు. కాగితం కింద పడేశాను. రైలు కూత వేసింది. ఆ కూత మీదుగా వినబడేలా, ఒక్కదాన్నే, నాకున్న గొంతంతా పెట్టి చెప్పాను. ఆమె మా మనిషి, ఆమె నా పక్కన కూర్చోవాలి. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బండి కదిలింది. చాచిన చెయ్యి నేనింకా దించలేదు. పిన్ని దాన్నే పట్టుకుని పైకెక్కింది.